అడిగినంకనే కోత: రేషన్ కార్డు రద్దు, నోటీసు హక్కు

(జుక్కల్‌లో విద్యార్థులు, ఉద్యోగులు, ఉద్యమ మిత్రులు కలిసి పెట్టుకున్న సభలో మా విలేకరి చేసిన ప్రసంగ పాఠం)

 

జుక్కల్‌కు వచ్చి మాట్లాడుమని మీరు పిలిచినప్పుడు మేము మొట్టమొదట చేసిన పని 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం తీసి చదువుడు. అండ్ల ఈ ఊరి పేరున్నది. నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఇగనుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంటయని ఒక్క ముక్క రాసిండ్రు. ఆ ఒక్క ముక్కతోని మీ తాతలు ఒక రాత్రి నాందేడ్ జిల్లాల పండుకొని తెల్లారి వేరే రాష్ట్రంల లేచిండ్రు. తెలుగు మాట్లాడేటోళ్లు తెలుగోళ్లతోని కలిసిండ్రు, అది వేరే సంగతి. కానీ మొత్తం తెలంగాణకు జరిగిందేంది? 1955లో ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పింది? తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగ ఉంచుమన్నది. 1961 ప్రాంతంల జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలుపుమన్నది. అంటే మనల్ని అడగమన్నది. అడగకుండనే 1956 నవంబరు 1న కలిపిండ్రు.

మన ఉద్యమం పుట్టుక అక్కడున్నది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం, నిజమే. కానీ వాటన్నిటి కింద ఒక మాట ఉన్నది: 'మమ్మల్ని అడగలేదు'. 1969లో పిల్లలు తూటాలకు ఎదురుపోయింది ఆ మాట కోసమే. 2011లో ఉద్యోగులు సకల జనుల సమ్మెలో జీతాలు పోగొట్టుకున్నదీ ఆ మాట కోసమే. ఇయ్యాల మేము మీ ముందర పెట్టే సంగతి కూడ అదే. కాకపోతే ఈసారి అడగకుండ చేసింది పరాయి పాలకులు కాదు. మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రమే.

'నేను ఉన్న గదా బిడ్డా!'

రాష్ట్రం వచ్చినంక రెండు మూడేండ్లకు ఈ సరిహద్దు దిక్కు ఒక ఊరికి వార్త కోసం పోయినం. ఊరి పేరు, మనిషి పేరు చెప్పం. రేషన్ దుకాణం ముందర ఒక అవ్వ కూసున్నది. సంచి చేతుల్నే ఉన్నది, బియ్యం లేవు. 'లిస్టుల నీ పేరు లేదు అవ్వా, నీ కార్డు లేదు' అన్నడట డీలరు. ఆమె మమ్మల్ని ఒక్కటే అడిగింది: 'నేను ఉన్న గదా బిడ్డా, నా కార్డు ఎట్ల లేదు?'

ఆమె కార్డు పట్టుకొని తహసీల్దారు ఆఫీసుకు పోయినం. 'మేము తీయలేదు, పైనుంచి పోయింది' అన్నరు. పైన అడిగితే 'కంప్యూటర్ల పోయింది' అన్నరు. కంప్యూటరును ఎవరు అడగాలె? ఎందుకు పోయిందో రాసిన కాగితం ఉన్నదా అంటే లేదు. ఎవరు సంతకం పెట్టిండ్రు అంటే ఎవ్వరూ పెట్టలేదు. ఏం జెయ్యాలె అంటే 'కొత్త కార్డుకు పెట్టుకోండ్రి' అన్నరు. కొత్త కార్డుల తలుపు ఏండ్ల తరబడి మూసే ఉండె. 2021 జూలైలో ఒకసారి తెరిచిండ్రు, 2025లో మల్లొకసారి తెరిచిండ్రు. నడుమ ఏండ్లల్ల ఆ అవ్వ ఏం తిన్నట్టు?

ఆనాడు మేము దాన్ని ఒక చిన్న వార్త రాసి వదిలిపెట్టినం. ఒక ఊరి ముచ్చట, ఒక ఆఫీసు పొరపాటు అనుకున్నం. అది మా తప్పు. అది ఒక ఊరి ముచ్చట కాదు.

19 లక్షల కార్డులు

2016 నుంచి మన రాష్ట్రంల రద్దయిన రేషన్ కార్డులు దాదాపు 19 లక్షలు. మనుషులు కాదు, కార్డులు. ఇంటికి ముగ్గురు నలుగురు చొప్పున లెక్కేసుకోండ్రి. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ దీని మీద కోర్టుకు పోయిండు. ఆయన అడిగింది పెద్ద మాట కాదు. ముందుగాల నోటీసు ఇయ్యలేదు, ఇంటికొచ్చి చూడలేదు, చెప్పుకునే అవకాశం ఇయ్యలేదు, ఇది న్యాయమా అని. కేసు ఢిల్లీ దాక పోయింది. 2022 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఆ రద్దయిన కార్డులన్నిటినీ ఇండ్లకు పోయి మల్ల తనిఖీ చెయ్యాలని ఆదేశించింది.

తనిఖీల ఏం తేలింది? 4,91,899 దరఖాస్తులు వచ్చినయి. 2022 జూలై నాటికి 2,05,734 చూసిండ్రు. అండ్ల 15,471 కుటుంబాలు అర్హులే అని ప్రభుత్వమే ఒప్పుకున్నది. నూటికి ఏడున్నర. ఇది మేము చెప్పే లెక్క కాదు, ప్రభుత్వం తన చేతులతోని తేల్చిన లెక్క.

ఈ లెక్కను రెండు తీర్ల చదువొచ్చు. 'చూసిండ్రా, నూటికి 92 మంది అనర్హులే, మేము చేసింది కరెక్టే' అని సర్కారు తరఫున ఎవరైనా అనొచ్చు. మేము ఆ మాటను దాచిపెట్టం. దొంగ కార్డులు ఉన్నయి. కార్లున్నోళ్లకు, భూములున్నోళ్లకు, పోయినోళ్ల పేరు మీద కార్డులు ఉండినయి. పల్లెల్ల కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర, పట్నంల రెండు లక్షలు దాటొద్దు, తరి మూడున్నర ఎకరాలు, ఖుష్కి ఏడున్నర ఎకరాలు దాటొద్దు అని నియమం ఉన్నది. నియమం దాటినోళ్ల కార్డు తీసెయ్యాల్సిందే. దాని మీద మాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఆ 15,471 ఇండ్ల కాడ. నలుగురున్న ఇంటికి మనిషికి ఆరు కిలోల చొప్పున నెలకు 24 కిలోలు. ఏడాదికి 288 కిలోలు. ఆరేండ్లు పోతే 17 క్వింటాళ్ల పైన. ఒక పేదింటి నుంచి 17 క్వింటాళ్ల బియ్యం సర్కారు అడగకుండ ఆపుకుంటే దాన్ని ఏమనాలె? ఇంకోటి కూడ చూడండ్రి. 19 లక్షల కార్డులకు దరఖాస్తు పెట్టుకున్నది అయిదు లక్షల కన్న తక్కువ. మిగిలిన 14 లక్షల కార్డులోళ్లు అందరూ దొంగలే అని ఎట్ల అంటం? అండ్ల వలస పోయినోళ్లు ఉంటరు, చనిపోయినోళ్లు ఉంటరు, సుప్రీంకోర్టు ఏం చెప్పిందో తెల్వనోళ్లు ఉంటరు, తిరిగి తిరిగి చాలు అనుకున్నోళ్లు ఉంటరు. అడగకుండ తీసేస్తే వచ్చే నష్టం ఇదే. ఎవరు దొంగో, ఎవరు దొరనో తర్వాత తేలదు.

పేర్లు కలిపే మిషను

కార్డులు ఎట్ల పోయినయో మనం అర్థం చేసుకోవాలె. దాదాపు 30 శాఖల దగ్గర ఉన్న మన వివరాలను ఒక్క కాడ కలిపే 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థను మన ప్రభుత్వం వాడింది. బండ్ల రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్, పింఛన్, ఇట్ల అన్నిట్ల ఉన్న పేర్లు, అడ్రసులు పోల్చి 'ఈ ఇద్దరు ఒక్కరే' అని మిషను అంచనా కడతది. అంచనా సరైతే సరి. తప్పితే? రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు మీద కారు ఉన్నదని తేల్చి ఆ ఇంటి బియ్యం బంద్ చేసిన సంగతి పత్రికల వచ్చింది. కారు ఇంకొకాయనది. పేరు కలిసింది, అంతే.

ఇప్పుడు మీ జుక్కల్ దిక్కు చూడండ్రి. ఒక దిక్కు మహారాష్ట్ర, ఒక దిక్కు కర్ణాటక. ఇంట్ల తెలుగు, సంతల మరాఠీ, చుట్టాలింట్ల కన్నడ. ఒక్క ఊరిల నలుగురు గంగారాంలు, అయిదుగురు విఠల్‌లు, ఆరుగురు సాయవ్వలు ఉంటరు. ఒక్కామె పేరే ఒక కాగితం మీద గంగవ్వ, ఇంకో కాగితం మీద గంగామణి, పుట్టింటి కాగితం మీద గంగాబాయి. కొందరికి నడుమ తండ్రి పేరు, కొందరికి ముందర ఇంటిపేరు. దెగ్లూర్ దిక్కు ఊరి నుంచి కోడలు వస్తది, ఆమె పేరు పుట్టింటి కార్డుల ఇంకా ఉండొచ్చు. ఎవరికో సరిహద్దు అవతల రెండెకరాలు ఉండొచ్చు. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన కొడుకు పేరు ఇక్కడి కార్డుల్నే ఉండొచ్చు. వీటిని మనిషి చూస్తే రెండు నిమిషాల్ల అర్థమైతది. పంచాయతీ కార్యదర్శి గల్లీకి వచ్చి 'ఏ గంగారాం?' అని అడిగితే చిన్న పిల్లగాడు చెప్తడు. మిషను ఎవ్వరినీ అడగదు. అందుకే మిషను చూసినంక మనిషి అడగాలె అంటున్నం. కంప్యూటర్ వద్దు అంటలేము. కంప్యూటర్ అనుమానం చెప్పొచ్చు. అనుమానం తీర్పు కాదు.

రేషన్ కార్డు అంటే బియ్యమే అనుకోవద్దు. ఆరోగ్యశ్రీకి అదే అడిగేటోళ్లు. 2024లో 500 రూపాయల గ్యాసుకు, 200 యూనిట్ల ఉచిత కరెంటుకు తెల్ల కార్డే అడిగిండ్రు. అదే ఏడాది రైతు రుణమాఫీలో ఎవరిది ఏ కుటుంబం అని తేల్చడానికి రేషన్ కార్డే చూసిండ్రు. ఒక్క కార్డు పోతే పది తలుపులు మూసుకుంటయి.

ఉపాధి హామీలో కూడ ఇదే కథ. పార్లమెంటులో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం 2022-23 ఒక్క ఏడాదిల దేశం మొత్తం మీద 5 కోట్ల 18 లక్షల కూలీల పేర్లు జాబ్ కార్డుల నుంచి తీసేసిండ్రు. మన రాష్ట్రంల అవి 17 లక్షల పైన. అంతకు ముందు ఏడాది మన దగ్గర తీసేసినవి 61 వేల చిల్లర. ఒక్క ఏడాదిల ఇంత మంది కూలీలు ఎక్కడ మాయమైనట్టు?

ఉద్యోగికి ఉన్నది, కూలీకి ఎందుకు లేదు?

ఇక్కడ ఉద్యోగులు చాన మంది ఉన్నరు. మీకు ఒక్క మాట అడుగుతం. రేపొద్దుగాల ఆఫీసుకు పోతే 'మీ పేరు లిస్టుల లేదు, ఇంటికి పోండ్రి' అంటే ఊరుకుంటరా? ఊరుకోరు. రాజ్యాంగం 311వ అధికరణం ఊరుకోనియ్యదు. ఆరోపణ ఏందో చెప్పాలె, విచారణ పెట్టాలె, మీ జవాబు చెప్పుకునే అవకాశం ఇయ్యాలె. అది లేకుండ డిస్మిస్ చేస్తే మామూలుగ ఆ ఆర్డర్ కోర్టుల నిలవడదు.

1967లో ఒరిస్సా డాక్టర్ బీనాపాణి దేయి కేసుల సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ఆమె పుట్టిన తేదీ మార్చి ముందుగాల్నే రిటైర్ చేసిండ్రు. ఆమెకు సరిగ్గ చెప్పుకునే అవకాశం ఇయ్యలేదు. కోర్టు ఏమన్నదంటే, అది పరిపాలన ఆర్డరే కావొచ్చు, కానీ మనిషి బతుకు మీద దెబ్బ పడే ఆర్డర్ ఇచ్చేముందు సహజ న్యాయం పాటించాల్సిందే అని. 1982 డిసెంబరు 17న నకారా కేసుల పింఛన్ అంటే సర్కారు దయతోని ఇచ్చే బహుమానం కాదు, హక్కు అన్నది. అందుకే పింఛన్‌దారులు ఏటా డిసెంబరు 17న పండుగ చేసుకుంటరు.

1978 జనవరి 25న మేనకాగాంధీ కేసుల తీర్పు వచ్చింది. కారణం చెప్పకుండ పాస్‌పోర్టు గుంజుకున్నరు. బతుకు మీద, స్వేచ్ఛ మీద చెయ్యి వేసే పద్ధతి న్యాయంగ ఉండాలె, సర్కారుకు తోచినట్టు ఉండొద్దు అన్నది కోర్టు. 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేటోళ్ల కేసు, ఓల్గా టెల్లిస్ కేసు వచ్చింది. బతుకుదెరువు కూడ బతికే హక్కుల భాగమే అన్నరు. ఆ కేసుల పేదోళ్లు పూర్తిగ గెలువలేదు, గుడిసెలు తీసేయొచ్చు అన్నది కోర్టు. కానీ నోటీసు ఇయ్యకుండ తీసేయొచ్చు అని కార్పొరేషన్ చట్టంల రాసి ఉన్నా, మామూలుగ అడిగినంకనే తీయాలె అన్నది.

ఇప్పుడు చెప్పుండ్రి. పాస్‌పోర్టుకు నోటీసు కావాలె, ఉద్యోగానికి నోటీసు కావాలె, ఫుట్‌పాత్ మీది గుడిసెకు నోటీసు కావాలె. బియ్యానికి అక్కర లేదా? 2013 ఆహార భద్రత చట్టం వచ్చినంక రేషన్ బియ్యం దానం కాదు. పార్లమెంటు చట్టం చేసి ఇచ్చిన హక్కు. హక్కును ఆపాలంటే పద్ధతి ఉండాలె.

న్యూయార్క్ నుంచి నెదర్లాండ్స్ దాక

ఈ కొట్లాట మన ఒక్కళ్లదే కాదు. అమెరికాల న్యూయార్క్ నగరంల సర్కారు సాయం మీద బతికే పేదోళ్ల సాయాన్ని అధికారులు ముందుగాల ఆపేసి, తర్వాత కావాలంటే విచారణ పెడతం అనేటోళ్లు. కెల్లీ అనే ఆయన, ఇంకొందరు కలిసి కోర్టుకు పోయిండ్రు. 1970 మార్చి 23న అమెరికా సుప్రీంకోర్టు గోల్డ్‌బర్గ్ వర్సెస్ కెల్లీ కేసుల తీర్పు ఇచ్చింది. అయిదుగురు జడ్జీలు ఒక దిక్కు, ముగ్గురు ఇంకో దిక్కు. తీర్పు సారం మన ఊరి భాషల చెప్పాలంటే ఇది: తిండికి ఆధారమైన సాయాన్ని ఆపితే ఆ మనిషి విచారణ దాక బతుకుడే కష్టం, ఆకలితోని ఉన్నోడు ఆఫీసుల చుట్టూ తిరిగి వాదన ఎట్ల పెట్టుకుంటడు? కాబట్టి విచారణ ముందు, కోత తర్వాత.

ఆరేండ్లకు, 1976లో, మాథ్యూస్ వర్సెస్ ఎల్డ్రిడ్జ్ కేసుల అదే కోర్టు కొంచెం వెనక్కి తగ్గింది. పని చెయ్యలేని స్థితిలో ఉన్నోళ్లకు ఇచ్చే భత్యాన్ని ఆపేముందు పూర్తి విచారణ అక్కర లేదన్నది. అది పేదరికం చూసి ఇచ్చేది కాదు అనేది ఒక కారణం. కానీ ఆ కేసుల మూడు తూకాలు చెప్పింది. ఆ మనిషికి పోయేది ఎంత? పొరపాటు జరిగే అవకాశం ఎంత? అడగడానికి సర్కారుకు అయ్యే ఖర్చెంత?

ఆ మూడు తూకాల మీద మన రేషన్ కార్డును పెట్టి చూడండ్రి. పోయేది తిండి. పొరపాటు అవకాశం, సర్కారే తేల్చింది, నూటికి ఏడున్నర. ఖర్చు ఒక కాగితం, ఊరిల్నే ఉన్న ఒక మనిషి ఒకసారి ఇంటి దాక వచ్చుడు. ఏ తూకం చూసినా అడుగుడే న్యాయం.

మిషన్లను, లెక్కలను నమ్మి మనుషులను అడగకపోతే ఏమైతదో నెదర్లాండ్స్ చూసింది. పిల్లల సంరక్షణకు ఇచ్చే సాయంల మోసం చేసిండ్రని వేల కుటుంబాల మీద అక్కడి పన్నుల శాఖ తప్పుడు నిందలు వేసింది. ఇచ్చిన పైసలు వాపస్ కట్టమన్నది. ఇండ్లు అప్పులపాలైనయి. చివరికి 2021 జనవరి 15న ఆ దేశ ప్రభుత్వమే రాజీనామా చేసింది. మన దగ్గర 15,471 ఇండ్లకు తప్పు జరిగిందని తేలినా, ఒక్కరన్న తప్పైందని అన్నరా?

దూరం ఎందుకు, 2017ల జార్ఖండ్ సిమ్‌డేగా జిల్లాల ఏం జరిగింది? ఆధార్ కలపలేదని రేషన్ కార్డు తీసేసిన ఇంట్ల 11 ఏండ్ల పిల్ల పానం పోయింది. ఆకలితోనే పోయింది అన్నది తల్లి. కాదు, జ్వరంతోని అన్నది సర్కారు. ఆ వాదన ఎట్లన్న ఉండనీ. ఆ ఇంటి కార్డు తీసేసిన మాట నిజం. ముందుగాల ఒక మనిషి ఆ ఇంటికి పోయి అడిగి ఉంటే ఆ కార్డు ఉండేది.

మనం ఎందుకు ఊకున్నం?

మిత్రులారా, కష్టమైన మాట ఒకటి చెప్పాలె. సమైక్య రాష్ట్రంల ఇట్ల 19 లక్షల కార్డులు పోతే మనం ఏం చేసేటోళ్లం? రోడ్ల మీద వంటావార్పు పెట్టేటోళ్లం. ధూంధాం పెట్టేటోళ్లం. కలెక్టరేట్ ముట్టడించేటోళ్లం. మా అసొంటి విలేకరులం ప్రత్యేక సంచికలు వేసేటోళ్లం. 2014 జూన్ 2 తర్వాత మన నోర్లు ఎందుకు మూతపడ్డయి? 'మన సర్కారే గదా, ఏదో లెక్క సరిచేస్తున్నది' అనుకున్నం. ఆ అవ్వ ముచ్చటను మేము చిన్న వార్తగ రాసింది కూడ అందుకే. హైదరాబాద్‌ల ఒక కార్యకర్త కోర్టుకు పోకపోతే ఆ 15,471 ఇండ్ల సంగతి ఇయ్యాలటికి కూడ బయటికి రాకపోవు.

ఆ తర్వాత ప్రభుత్వం మారింది. 2025ల కొత్త కార్డులు ఇచ్చిండ్రు, ఆ ఏడాది ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నరు. మంచిదే. కానీ ఇచ్చేటప్పుడు పండుగ, తీసేటప్పుడు చప్పుడు లేకపోవుడు ఏ సర్కారుకైనా అలవాటే. ఏ పార్టీ ఉన్నా మనం అడగాల్సింది ఒక్కటే: ఇచ్చినప్పుడు పేరు పిలిచి ఇచ్చినట్టే, తీసేటప్పుడు కూడ పేరు పిలిచి అడిగి తీయాలె.

ఏం కావాలె, ఏం చెయ్యాలె?

మా డిమాండ్లు ఎక్కువ లేవు. ఒకటి, ఏ కార్డు, ఏ పింఛన్ ఆపాలన్నా ముందుగాల రాతపూర్వకంగ నోటీసు ఇయ్యాలె. 'మీరు అనర్హులు' అంటే సరిపోదు. ఏ కారు, ఏ నంబరు, ఏ భూమి, ఏ సర్వే నంబరు అని రాయాలె. రెండు, ఆ నోటీసు మనిషికి అర్థమయ్యే భాషల ఉండాలె. ఈ దిక్కు తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ కూడ కావాలె. చదువు రానోళ్లకు చదివి చెప్పాలె. పంచాయతీ కాడ జాబితా అంటించాలె, డప్పు చాటించాలె. మూడు, జవాబు చెప్పుకునేటందుకు గడువు ఇయ్యాలె, మండలంల్నే వినాలె. నాలుగు, తేలేదాక బియ్యం ఆపొద్దు. అయిదు, ఆఖరి ఆర్డర్ మీద ఒక అధికారి పేరు, సంతకం, కారణం ఉండాలె, అప్పీలు ఎక్కడ చేసుకోవాలో రాయాలె. ఆరు, తప్పుగ ఆపినట్టు తేలితే పోయిన బియ్యం లెక్క కట్టియ్యాలె. ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్‌ల, ఇయ్యాల్సిన ధాన్యం ఇయ్యకపోతే ఆహార భద్రత భత్యం ఇయ్యాలని ఉన్నది. దాన్ని కాగితం మీది నుంచి కిందికి దించాలె.

డిమాండ్లు నెరవేరేదాక కూడ మన చేతుల కొన్ని పనిముట్లు ఉన్నయి.

విద్యార్థి మిత్రులారా, సమాచార హక్కు చట్టం 2005ల 4వ సెక్షన్ 1(డి) చదువుండ్రి. తన నిర్ణయానికి కారణాలు దెబ్బ పడ్డ మనిషికి చెప్పాల్సిన బాధ్యత ప్రతి ప్రభుత్వ కార్యాలయం మీద ఉన్నది. ఊరికి ఇద్దరు కూసోండ్రి. కార్డు పోయినోళ్లకు ఒక అర్జీ రాసిపెట్టుండ్రి: 'నా కార్డు ఏ తేదీన, ఏ కారణంతోని, ఎవరి ఆర్డర్‌తోని రద్దయింది? ఆర్డర్ నకలు ఇయ్యగలరు.' 30 రోజుల్ల జవాబు రావాలె. జవాబు రాకుంటే అదే ఒక సాక్ష్యం. ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటడు, అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్ ఉన్నది. సోమవారం ప్రజావాణిల అర్జీ పెట్టి రశీదు తీసుకోండ్రి. రశీదు లేని అర్జీ పెట్టనట్టే. 1987 న్యాయసేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీలకు, ఎస్టీలకు, వికలాంగులకు ఉచితంగ వకీలును ఇయ్యాలె. ఈ నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. మన పేదోళ్లల్ల చాన మందికి ఆ హక్కు ఉన్నది, వాడుకుంటున్నది కొందరే.

ఉద్యోగ మిత్రులారా, మిమ్మల్ని నిందించుటానికి రాలేదు. పైనుంచి లిస్టు వస్తది, ఇన్ని రోజుల్ల పూర్తి చెయ్యమంటరు, మీ మీద ఒత్తిడి ఉంటది. కానీ కలం మీ చేతుల ఉన్నది. ఫైలు మీద ఒక్క లైను రాయుండ్రి: 'నోటీసు ఇయ్యబడలేదు, క్షేత్ర విచారణ జరగలేదు.' ఆ ఒక్క లైను రేపు ఒక ఇంటి బియ్యం నిలబెడతది. 610 జీవో కోసం ఏండ్ల తరబడి ఫైళ్లు తిరగేసిన చేతులు మీవి. ఒక ఉద్యోగికి అన్యాయం జరిగితే జీవో నంబరు, తేదీ, పేజీతోని సహా చెప్పేటోళ్లు మీరు. ఆ నేర్పు ఒక కూలీ ఇంటి కోసం కూడ వాడుండ్రి.

ఇగ మా అసొంటి విలేకరులు. కార్డులు పంచిన నాడు ఫొటోలు వేసినట్టే, తీసేసిన నాడు కూడ ఊరూరి లెక్క అడిగి రాస్తం. ఇది మేము మీ ముందర పెట్టుకుంటున్న మాట. తప్పితే అడుగుండ్రి.

1956ల మనల్ని అడగలేదని 58 ఏండ్లు కొట్లాడినం. అడగకుండ చేసిన పని ఎంత కాలమైనా మనసుల మానదని మనకు తెలిసినంతగ ఇంకెవరికి తెలుసు? అటువంటి మనం, మన రాష్ట్రంల, మన ఊరి అవ్వను అడగకుండ ఆమె కంచంల అన్నం తీసేస్తే చూసుకుంట ఊకోవద్దు. 'నేను ఉన్న గదా బిడ్డా' అన్న ఆమె మాటకు జవాబు బాకీ ఉన్నం.

ఊరికి పోయినంక మీ గల్లీల కార్డు పోయిన ఇండ్లు ఎన్నో లెక్క తీయుండ్రి. పేరు, తేదీ, కారణం, నోటీసు వచ్చిందా రాలేదా, ఈ నాలుగు ముచ్చట్లు రాసి మాకు పంపుండ్రి. అచ్చు వేస్తం.

జై తెలంగాణ!